ముగ్గురు దిద్దాలి

మా కోడలు చొక్కాలు చూస్తుంది. కుట్టదు, కొనదు, అమ్మదు. చూస్తుంది. పదిహేడేళ్ళుగా అదే ఆమె ఉద్యోగం. ఫ్యాక్టరీలో కుట్టు లైను చివర ఒక ఏటవాలు బల్ల, పైన రెండు ట్యూబులైట్లు, పక్కన ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కర్ల చుట్ట. కుట్టడం అయిపోయిన చొక్కా ఆ బల్ల మీదకు వస్తుంది. కాలరు, భుజాలు, జేబు, కాజాలు, కింది అంచు. ఎప్పుడూ ఆ వరసలోనే ఆమె చూపు తిరుగుతుంది. ఎక్కడ కుట్టు తప్పితే అక్కడ ఒక ఎర్ర బాణం అతికించి ఎడమ పక్కనున్న బుట్టలో వేస్తుంది. అలా వేసినదాన్ని ఆల్టర్ అంటారు. కుట్టినవాళ్ళే వచ్చి దాన్ని తీసుకెళ్ళి, సరిచేసి, గంటలోపు మళ్ళీ తెచ్చి బల్ల మీద పెడతారు. అప్పుడు పాస్ అని చీటీ మీద తన ముద్ర వేస్తుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోరు. సాయంత్రం బెల్లు కొట్టేసరికి బల్ల మీద ఒక్క పీసు కూడా మిగలకూడదు. అదీ అక్కడి పద్ధతి.

ఆమె కళ్ళ గురించి నేను చెప్పే సంగతులు జనం నమ్మరు. ఒకసారి ఇద్దరం బస్సులో వెళ్తుంటే, ఎదురుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి చొక్కాకి మూడో బొత్తాం వేరే రంగు దారంతో కుట్టారని చెప్పింది. నేను దిగి ఆ బస్సు వెనక రెండు స్టాపుల దూరం పరుగెత్తి మరీ చూశాను. నిజమే. పరుగెత్తానన్నది మాత్రం అబద్ధం, నా మోకాళ్ళ సంగతి మీకు తెలియదు. తక్కిందంతా నిజం.

ఫ్యాక్టరీలో ఆమెకు పెట్టిన పేరు ఎర్రబాణం. ఆమె ముందే అంటారు, ఆమె పలుకుతుంది కూడా.

రెండు నెలల కిందట ఒక సోమవారం ఆమె ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"మామయ్యా, చొక్కాలు చూడ్డానికి కెమెరాలు వస్తున్నాయట."

"అవి చూస్తే మరి నువ్వేం చేస్తావమ్మాయ్?"

"అవి సరిగ్గా చూస్తున్నాయో లేదో చూడాలట. దానికి ఎనిమిది మంది చాలట. మేం ఇరవై ఆరుగురం ఉన్నాం."

"మిగతా పద్దెనిమిది మందీ?"

ఆమె వంగి చెప్పులు విప్పుకుంది. 

ఆ ఎనిమిది మందినీ ఎంచడానికి ఆఫీసువాళ్ళు ఒక దారి చెప్పారట. ఎక్కడో దూరదేశంలో ఒక విశ్వవిద్యాలయం సరుకు నాణ్యత ఎలా కొలవాలో ఆన్‌లైన్‌లో ఆరువారాలు నేర్పిస్తుంది. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, వయసు అడగరు. ఆ కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్టు ఫలానా శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఎవరు ముందు తెస్తే వాళ్ళకు ఆ చోటు. మా కోడలు ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. మా అబ్బాయి లారీ నడుపుతూ వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇద్దరమే. ఒకరు పదకొండేళ్ళ నా మనవరాలు, ఇంకొకరు సిస్టర్లు నడిపే బళ్ళో పదేళ్ళు చదివి, కామా తప్పిన ప్రతిసారీ వేళ్ళ మీద స్కేలు దెబ్బ తిన్న నేను.

మనవరాలు ఆమెను కోర్సులో చేర్చింది. ఇప్పటికే నలభై ఒక్క వేలమంది చేరారని తెర మీద గొప్పగా రాశారు. నలభై ఒక్క వేలమంది ఒక తరగతిలో. నేను చదివిన బళ్ళో నలభై ఒక్కమంది ఉంటేనే వెనక బెంచీవాళ్ళకు బోర్డు కనిపించేది కాదు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి పాఠం మొదలుపెట్టేవాళ్ళం. నీలం కోటు వేసుకున్న మాస్టారొకాయన తెర మీద కనిపించేవాడు. ఆయన మాటల వేగానికి నాకే ఊపిరాడేది కాదు. మనవరాలు వేగం ముప్పావు వంతుకు తగ్గిస్తే, పాపం, ఆయన నిద్రమాత్ర మింగినట్టు మాట్లాడేవాడు. నేను విని తెలుగులో చెప్పాలి. ఆయన ఒక ఫ్యాక్టరీలో బోల్టులు లెక్కపెట్టించానంటే, ఆ బోల్టులు ఒక్కొక్కటీ రోకలిబండంత ఉన్నాయని, లెక్కపెట్టేవాడు వాటి మధ్య దారితప్పి మూడురోజులకు దొరికాడని నేను కలిపేవాణ్ణి.

"మామయ్యా, ఆయన నోరు మూసుకుని చాలాసేపైంది. మీరింకా చెబుతూనే ఉన్నారు," అనేది మా కోడలు.

"తాత పాఠం వేరే కోర్సమ్మా, దానికి సర్టిఫికెట్టు ఉండదు," అనేది మనవరాలు.

నవ్వుకున్నాం గానీ, ఆమె రాత పుస్తకంలో ప్రతి మాటా రెండుసార్లు కొట్టేసి రాసేది. పదిహేడేళ్ళు ఇతరుల తప్పు పట్టిన మనిషి, తన తప్పు ఎవరో పడతారని ఎన్నడూ కూర్చోలేదు. ఫ్యాక్టరీలో ఒకప్పుడు కాజాలు కుట్టి, ఇప్పుడు పక్క బల్ల దగ్గర చొక్కాలు చూసే కాజాల అక్క రెండోవారంలోనే ఆగిపోయిందని తెలిసింది. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది పొద్దున్నే భర్త జేబులో పనికి వెళ్ళిపోతుంది. ఇంకెవరు చదువుతున్నారో, ఎవరు మానేశారో బల్లల దగ్గర ఎవరూ బయటపెట్టలేదు. ఉన్నవి ఎనిమిది చోట్లు కదా.

అయిదువారాలు ఎలాగో గడిచాయి. చిన్నచిన్న పరీక్షలన్నీ కంప్యూటరే దిద్దింది. ఆరోవారం ఒక వ్యాసం రాసి పంపాలి. మీరు పనిచేసే చోట తరచూ వచ్చే ఒక తప్పు తీసుకోండి, ఆరురోజులు లెక్కపెట్టండి, గీతల పటం వేయండి, ఎలా తగ్గిస్తారో చెప్పండి. ఆమె కాలరు మొనలు తీసుకుంది. ఒక మొన పొడుగు, ఒక మొన పొట్టి వస్తున్న చొక్కాలు రోజుకెన్నో లెక్కపెట్టి రాసింది. నేను ఇంగ్లీషు చేశాను, మనవరాలు టైపు చేసింది. శనివారం పంపేశాం.

పంపాక తెలిసింది, దీన్ని నీలం కోటు దిద్దడని. అంతమందివి ఆయనెక్కడ దిద్దగలడు? మనలాగే చదువుకునేవాళ్ళు ముగ్గురు దిద్దాలి. ఒక్కొక్కరు పదికి మార్కులు వేస్తారు. మూడింటి సగటు ఆరు వస్తే సర్టిఫికెట్టు. బదులుగా మనం కూడా ఇంకో ముగ్గురివి దిద్దాలి.

"అదెంత పని," అంది మా కోడలు. ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుంది. నేను ఒక్కొక్కటీ చదివి చెప్పాను. మొదటిది రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ రాసింది. రొట్టెల బరువులు వరసగా వేసింది గానీ, అవి గ్రాములో మరొకటో రాయలేదు. మా కోడలు నాలుగు వేయమంది. రెండోది సీసాల మూతలు బిగించే అతనిది. పటంలో ఒక రోజు మాయమైంది. నాలుగు. మూడోదానికీ నాలుగే.

"మూడైపోయాయమ్మాయ్, ఇక చాలు," అన్నాను.

"కింద ఇంకా ఉన్నాయిగా."

"అవి మన బాధ్యత కాదు."

"బల్ల మీద పీసులు పెట్టుకుని లేచిపోతామా మామయ్యా?"

మధ్యాహ్నానికి బల్ల ఖాళీ చేసింది. మొత్తం పదమూడు. ప్రతిదాంట్లో ఏదో ఒక తప్పు ఉంది, ప్రతిదానికీ నాలుగే వేసింది. ఒక్క తప్పున్నా పాస్ కాదు, అది ఆమెకు చెయ్యి తిరిగిన లెక్క. నేనూ అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నాకు సిస్టర్ల చేతి స్కేలు నా చేతికి వచ్చినంత సంబరంగా ఉంది.

సోమవారం ఆమె వ్యాసానికి మార్కులు రాలేదు. మంగళవారమూ రాలేదు. టీ విరామంలో ఒకసారి, భోజనం గంటలో రెండుసార్లు, బస్సులో నాలుగుసార్లు తెర తెరిచి చూసింది. బుధవారం మధ్యాహ్నం ఒక్కరు వేశారు. ఎనిమిది. ఆ ఎనిమిది చూసి నేను ఎగిరి గంతేస్తే, ఆమె ముఖం ఇంకా పాలిపోయింది.

"ఒకటొచ్చిందంటే మిగతా రెండూ ఎందుకు రాలేదు మామయ్యా?"

ఆ రోజే ఫ్యాక్టరీలో ఇంకోటి జరిగింది. ప్యాకింగు నుంచి లైను మాస్టారు ఒక చొక్కా పట్టుకొచ్చి ఆమె బల్ల మీద పరిచాడట. అయిదో బొత్తాం ఉంది, దాని ఎదురుగా కాజా లేదు.

"ఇది నీ చేతిమీదుగా వెళ్ళిందమ్మా."

"నాదేనా?"

"నీ ముద్రే ఉంది. ఒంట్లో బాగుందా?"

పదిహేడేళ్ళలో మొదటిది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఇంటికొచ్చి చెప్పింది.

ఆ సాయంత్రం మనవరాలు తెరంతా వెతికింది. నలభై ఒక్క వేలన్నది చేరినవాళ్ళ లెక్క. చివరి వ్యాసం దాకా వచ్చి, ఈ విడతలో మిగిలినవాళ్ళు పదహారుగురు. మా కోడల్ని తీసేస్తే పదిహేనుగురు. అందులో ఒకరు ఎనిమిది వేశారు. ఇంకొకరు ఎప్పుడో పాసై వెళ్ళిపోయారు. మిగతా పదమూడుగురు…

మనవరాలు తెర మీద నుంచి తల ఎత్తింది. "అమ్మా, నువ్వు ఫెయిల్ చేసినవాళ్ళే."

"ఫెయిలేంటి? ఆల్టర్ పెట్టాను. సరిచేసుకుని మళ్ళీ పంపుతారు కదా."

"పంపలేదమ్మా. నాలుగు చూసి అందరూ మానేశారు. ఆదివారం తర్వాత ఒక్కరూ తెరవలేదు."

మా కోడలు తెర తనవైపు తిప్పుకుని చూసింది. పదమూడుమంది అలా బుట్ట వైపు చూడకుండా వెళ్ళిపోతారని ఆమె ఊహకు కూడా రాలేదు. ఆమె లోకంలో ఎర్ర బాణం అంటే ఇక్కడ చూడు అని అర్థం. వాళ్ళ లోకంలో అది తలుపు మూసిన చప్పుడు. వాళ్ళలో ఎంతమంది కొలువు ఆ సర్టిఫికెట్టు మీద ఆధారపడి ఉందో కూడా మాకు తెలియదు. ఆ పదమూడు నాలుగులనూ నొక్కిన వేలు నాది.

"పోనీ మార్కులు మార్చేద్దాం," అన్నాను.

"ఒకసారి వేశాక మార్చనివ్వదు తాతా. వాళ్ళు సరిచేసి మళ్ళీ పంపితేనే కొత్త మార్కులు. అలా పంపినవాళ్ళు ఇంకో మూడు దిద్దాలి. అప్పుడు అమ్మది కూడా వాళ్ళ ముందుకొస్తుంది."

అంటే, వాళ్ళు తిరిగి రావాలి. వచ్చి, తమని ఫెయిల్ చేసిన మనిషిది దిద్దాలి. శుక్రవారం అయిదులోపు.

వాళ్ళకు ఉత్తరాలు రాద్దామని కూర్చున్నాం. నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. మొదటి ఉత్తరంలోనే మా ఇంటి కప్పు కురుస్తోందని, నేను మంచం పట్టానని, పిల్లకు బడి చొక్కా లేదని కన్నీళ్ళు పెట్టించాను.

"చదవండి మామయ్యా."

చదివాను. మంచం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించాను.

"మీరు మంచం ఎప్పుడు పట్టారు?"

"రేపు పట్టొచ్చు కదమ్మా, ముందుచూపు."

"కొట్టేయండి. నేను చెప్పింది రాయండి. మీకు నాలుగు వేసింది నేనే. తప్పు ఫలానా చోట ఉంది. సరిచెయ్యడానికి ఇరవై నిమిషాలు చాలు. మిగతాదంతా బాగుంది, ఆ మాట నేను అప్పుడే రాయాల్సింది, రాయలేదు. మళ్ళీ పంపండి, పంపిన రోజే చూస్తాను."

"మరి నీది దిద్దమని అడగవా?"

"అడిగితే మొహమాటానికి వేస్తారు. ఆ మార్కు నాకొద్దు."

"మొహమాటపు మార్కైనా మార్కేనమ్మాయ్. శుక్రవారం ఎల్లుండే."

"తెలుసు మామయ్యా. రాయండి."

పదమూడు ఉత్తరాలూ తొమ్మిదయ్యేసరికి వెళ్ళిపోయాయి. ప్రతిదాంట్లో తప్పెక్కడుందో విడివిడిగా రాశాం. రొట్టెల ఆవిడకు గ్రాములు, సీసాల మూతల అతనికి మాయమైన రోజు.

గురువారం వచ్చింది. సాయంత్రం ఆమె రాగానే తెర తెరిచాం. అయిదుగురు సరిచేసి మళ్ళీ పంపారు. ఆమె కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ అయిదూ చూసేసింది. ఎనిమిది, ఏడు, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది. రొట్టెల ఆవిడది తొమ్మిది. తర్వాత మనవరాలు మా కోడలి పేజీ తెరిచింది. రెండో మార్కు వచ్చింది.

నాలుగు.

వేసింది రొట్టెల ఆవిడే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కక్ష తీర్చుకుంది. ఆ రొట్టె ఏ పొయ్యిలో…"

"కింద ఏదో రాసింది, చదవండి," అంది కోడలు.

చదివాను. 'మొదటి రెండు రోజులూ మీరు తప్పులు లెక్కపెట్టారు. తర్వాతి నాలుగు రోజులూ తప్పున్న చొక్కాలు లెక్కపెట్టారు. ఒక చొక్కాకి రెండు తప్పులుంటే ఏమవుతుంది? సరిచెయ్యడానికి ఇరవై నిమిషాలు చాలు. మిగతాదంతా బాగుంది.'

మా కోడలు తన రాత పుస్తకం తెచ్చి వేలు పెట్టి చూసుకుంది. సోమ, మంగళవారాల్లో తను వాడిన ఎర్ర బాణాలు లెక్కపెట్టి రాసుకుంది. కాలరు రెండు మొనలూ తప్పైన చొక్కాకి రెండు బాణాలు పడ్డాయి. బుధవారం నుంచి చొక్కాలే లెక్కపెట్టింది. పదిహేడేళ్ళ కళ్ళు తన కాగితం మీద మాత్రం పనిచెయ్యలేదు.

"కరెక్టే పట్టింది," అంది. ఆ గొంతులో కోపం లేదు, కానీ పుస్తకం మూయడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

నేను లెక్క వేశాను. ఎనిమిది, నాలుగు. మూడోవాళ్ళు ఆరు వేసినా సగటు ఆరు. గట్టెక్కినట్టే. సరిచేసి మళ్ళీ పంపితే ఉన్న రెండు మార్కులూ పోతాయి, ముగ్గురూ మొదటినుంచి దిద్దాలి. "కదపకు అమ్మాయ్. రేపు సాయంత్రం దాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చో. చేతిలో ఉన్నదాన్ని పారేసుకోకు."

"ఊఁ," అంది. అది ఒప్పుకున్న 'ఊఁ' కాదని నాకు తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నా పాత బటన్ల ఫోను మోగింది. భోజనం గంటలో లైను మాస్టారి దగ్గర ఆల్టర్ రిజిస్టరు తీయించుకుని, ఆ రెండు రోజుల్లో కాలరు తప్పుతో వెనక్కి వెళ్ళిన చొక్కాలు ఎన్నో చూసుకుందట. సోమవారం ఇరవై ఆరు కాదు పద్దెనిమిది, మంగళవారం పంతొమ్మిది కాదు పదిహేను.

"మూడో మార్కు వచ్చిందా?" అన్నాను.

"రాలేదు. ఆ రెండు అంకెలూ మార్చాను, పటంలో గీత కూడా మార్చాను. కింద ఒక వాక్యం రాయాలి. ఈ రెండు రోజుల లెక్క రిజిస్టరు చూసి సరిచేశాను అని. అక్షరం అక్షరం చెప్పండి."

"నాలుగు గంటలే ఉందమ్మా."

"మామయ్యా, తప్పుందని తెలిసి పాస్ ఎలా చెయ్యను? రేపు కెమెరా ముందు కూర్చుని ఏ మొహంతో దాని తప్పు పడతాను?"

చెప్పాను.  ఒంటిగంటా ఇరవైకి పంపేసింది.

మూడింటికి ఏడు వచ్చింది. నాలుగున్నరకు ఎనిమిది. అయిదుకు పది నిమిషాలుందనగా ఆమె ఆఫీసు వరండాలో నిలబడి ఫోను చేసింది. లైనులో ఉంది అంతే. వెనక ఎవరో నడుస్తున్న చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు వింటూ నేనూ కూర్చున్నాను. అయిదు గంటల బెల్లు నాకు ఫోనులో వినిపించింది.

"రాలేదు మామయ్యా," అని పెట్టేసింది.

శనివారం పొద్దున ఏడింటికి మూడో మార్కు వచ్చింది. సీసాల మూతల అతను ఏడు వేశాడు. అతనికి తెల్లవారేసరికి మాకు గడువు దాటిపోయింది. మనవరాలు సర్టిఫికెట్టు తెర మీద తెరిచింది. మా కోడలు పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. ఆమె దాన్ని ఒకసారి చూసి, బట్టలు ఉతకడానికి వెళ్ళింది. ఆ రెండు రోజులూ ఆ మాట ఎవరం ఎత్తలేదు. మా అబ్బాయి లారీ దిగి వచ్చి "ఏమైంది?" అంటే, "స్నానం చేసి రా," అన్నాను.

సోమవారం ఆమె ఆ కాగితం ముద్రించుకుని ఆఫీసుకి వెళ్ళింది. వెళ్ళొద్దన్నాను, మాట పడుతుందని. గుమాస్తా కాగితం తిరగేసి, మరగేసి చూశాడట.

"శుక్రవారం అన్నాం కదమ్మా."

"అవును సార్. ఆలస్యమైంది."

"ఎన్ని మార్కులు?"

"ఇరవై రెండు. సగటు ఏడు చిల్లర."

"ఏడేనా? నువ్వు ఎర్రబాణానివి కదా, పది తెస్తావనుకున్నాను."

"ఆల్టర్ అయి వచ్చింది సార్. పాస్ అయింది."

ఆయన నవ్వలేదట. సొరుగు తెరిచి ఒక పల్చటి ఫైలు బయటపెట్టాడు. ఇరవై ఆరుమందిలో శుక్రవారానికి సర్టిఫికెట్టు తెచ్చినవాళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళు మధ్యలోనే ఎక్కడెక్కడో ఆగిపోయారు. ఎనిమిది చోట్లు, మూడు కాగితాలు. పైవాళ్ళను అడిగి గడువు ఇంకో పదిరోజులు పెంచామని చెప్పి, ఆమె పేరు నాలుగో వరసలో రాసుకున్నాడు.

ఈ కబురు చెప్పినప్పుడు ఆమె ముఖంలో వెలుగు వస్తుందని నేను కాచుకుని కూర్చున్నాను. రాలేదు. ఇంకా నాలుగు చోట్లు ఖాళీ ఉన్నాయని, పదిరోజులే ఉందని, కాజాల అక్క రెండోవారం పాఠాల దగ్గరే ఆగిపోయిందని వరసగా చెప్పింది.

"ఆమె చేతికి ఫోను దొరకదు మామయ్యా. మన ఇంటికి రమ్మన్నాను. ఇంకో ముగ్గుర్ని కూడా."

"నలుగురా? పదిరోజుల్లో నాలుగువారాల పాఠమా?"

"వ్యాసం దాకా వస్తే దిద్దడానికి మనుషులు ఉండాలి కదా. నేను మళ్ళీ చేరాను. రొట్టెల ఆవిడకీ రాశాను, ఆవిడ కూడా ఉంటానంది."

సాయంత్రం ఆరున్నరకు మా వంటింట్లో కుర్చీలు చాలలేదు. కాజాల అక్క గ్యాసు సిలిండరు మీద దిండు వేసుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె నా వైపు చూసి, పెన్ను మూత తీసి, చాలా మెల్లగా అడిగింది:

"తాతగారూ, నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నిజంగా నా వల్ల అవుతుందంటారా?"

అబద్ధాలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఈసారి మాత్రం ఏమీ కలపలేదు. "చూద్దామమ్మా," అన్నాను. మనవరాలు పాఠం నొక్కింది.